మాటలు మానేసిన సర్వర్లు

పెద్ద సంస్థల కంప్యూటర్లు ఆగిపోతే పత్రికల్లో మొదటి పేజీ వార్త. ఓ చిన్న ఆడిట్ ఆఫీసులోనో, పాతిక పడకల నర్సింగ్ హోమ్‌లోనో, సహకార పరపతి సంఘంలోనో సర్వర్ బిగుసుకుపోతే ఆ సంగతి గది గుమ్మం దాటదు. కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు "సర్వర్ డౌన్ అండీ, మధ్యాహ్నం రండి" అన్న మాటొక్కటే దక్కుతుంది. రెండు బస్సులు మారి వచ్చిన రైతుకు ఆ మధ్యాహ్నం ఎంత దూరమో చెప్పిన గుమాస్తాకూ తెలుసు. అతని చేతిలో మాత్రం ఏముంది? మన ఊళ్లలో బోలెడంత బతుకు ఇప్పుడు ఇలాంటి చిన్న సర్వర్ల మీద ఆనుకొని నడుస్తోంది. వాటికి వచ్చే చిక్కుల్లో రెండింటి గురించి నిదానంగా మాట్లాడుకోవాలి. ఒకటి అందరికీ కనిపించేది: సర్వర్ హ్యాంగ్ కావడం. రెండోది ఎవరికీ కనిపించనిది: ఆఫీసులో ఉన్న రెండు సర్వర్లు ఒకదానితో ఒకటి మాటలు మానేయడం.

హ్యాంగ్ అయిన సర్వర్ తీరు చూసినవాళ్లకు తెలుసు. తెర మీద మౌస్ కదులుతూనే ఉంటుంది, మూలనున్న గడియారంలో నిమిషాలు మారుతూనే ఉంటాయి. ఫోల్డర్ మీద నొక్కితే మాత్రం నీలం చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. ఒక సిస్టమ్‌లో లాగిన్ 'వెల్‌కమ్' దగ్గర ఆగుతుంది. పక్క సిస్టమ్‌లో ప్రింట్ కొట్టిన కాగితం రాదు. అవతలి గదిలో ట్యాలీ తెర తెల్లగా పాలిపోతుంది. పది నిమిషాలు చూసి ఎవరో ఒకరు వెళ్లి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. మళ్లీ ఆన్ చేస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఆ ఊరటలో అసలు ప్రశ్న మరుగున పడుతుంది. బిగుసుకుపోయిన ఆ క్షణాన ఏ ప్రోగ్రాము ఎంత మెమరీని పట్టుకుని కూర్చుందో, డిస్క్ ముందు ఎన్ని పనులు వరుస కట్టాయో చెప్పే ఆనవాళ్లన్నీ బటన్‌తో పాటే పోతాయి. అంతకు మించిన నష్టం ఇంకోటుంది. మొదటి చిక్కుకు మందనుకున్న ఆ బటనే చాలాసార్లు రెండో చిక్కును తెచ్చిపెడుతుంది. ఎలాగో చెప్పాలంటే ముందు డైరెక్టరీ సంగతి చూడాలి.

ఆఫీసులో ఎవరెవరు పనిచేస్తున్నారు, ఎవరు చెప్పిన పాస్‌వర్డ్ సరైనది, ఎవరు ఏ ఫోల్డర్ తెరవచ్చు, ఏ ప్రింటర్ ఏ గదిలో ఉంది అన్న వివరమంతా దాచి, అడిగినప్పుడల్లా చెప్పేదే డైరెక్టరీ. మైక్రోసాఫ్ట్ సర్వర్లు వాడే చోట దాన్ని యాక్టివ్ డైరెక్టరీ అంటారు. దాన్ని మోసే యంత్రం డొమైన్ కంట్రోలర్. ఒక్కటే ఉంటే అది ఆగిన రోజు ఆఫీసంతా ఆగుతుంది కనుక రెండు పెట్టుకోమంటారు. విండోస్ ఎన్‌టీ రోజుల్లో పద్ధతి సులువు. ప్రధాన కంట్రోలర్ ఒక్కటే రాసేది, మిగతావి దాని రాత చూసి నకలు తీసుకునేవి. 2000 ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000 దాన్ని మార్చేసింది. అప్పటి నుంచి ఏ కంట్రోలర్ దగ్గరైనా మార్పు రాయవచ్చు. ఒకే చోట ఉన్న సర్వర్లయితే మార్పు జరిగిన 15 సెకన్లకు "నా దగ్గర కొత్త సంగతి ఉంది" అని కబురు వెళ్తుంది, అవతలిది వచ్చి పట్టుకెళ్తుంది. వేర్వేరు ఊళ్లలోని బ్రాంచీల మధ్య అయితే ప్రత్యేకంగా మార్చుకోనంతవరకు మూడు గంటలకోసారి. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే రెప్లికేషన్.

ఇద్దరూ రాయగలిగిన చోట తగవు రాక తప్పదు. ఒకే ఉద్యోగి ఫోన్ నంబరును ఈ సర్వర్ దగ్గర ఒకరు ఒకలా, ఆ సర్వర్ దగ్గర ఇంకొకరు మరోలా మార్చారనుకుందాం. ఆ వివరం ఏ పక్క ఎక్కువసార్లు మారిందో డైరెక్టరీ ముందు చూస్తుంది. అది సమానమైతే ఏది తర్వాత రాశారో చూస్తుంది. అదీ సమానమైతే సర్వర్ల గుర్తింపు సంఖ్యల్ని పోల్చి ఒకదాన్ని నిలబెడుతుంది. ఎవరిది ఒప్పు అన్న విచారణ అక్కడ లేదు. అందరి దగ్గరా ఒకటే జవాబు ఉండాలన్నదే దాని పట్టింపు.

ఈ ఏర్పాటులో మనసుకు హత్తుకునే చోటు ఒకటుంది. ఒక సర్వర్ దగ్గర ఎవరో ఒక విభాగాన్ని మొత్తంగా తీసేశారు. సరిగ్గా అదే సమయంలో రెండో సర్వర్ దగ్గర ఆ విభాగంలోనే ఒక కొత్త ఉద్యోగిని చేర్చారు. రెండు కబుర్లూ ఎదురుపడ్డప్పుడు ఆ కొత్త మనిషికి నిలబడే చోటు లేదు. అయినా డైరెక్టరీ ఆ పేరును పారేయదు. 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే చోటికి చేర్చి, నిర్వాహకుడు వచ్చి చూసే వరకు భద్రంగా పెడుతుంది. దీన్ని కట్టిన ఇంజనీర్లకు, యంత్రం తేల్చలేని దాన్ని మనిషి కోసం అట్టే పెట్టాలన్న ఇంగితం ఉంది. ఆ మనిషి వచ్చి చూడటమే మన ఆఫీసుల్లో జరగడం లేదు.

సర్వర్లు మాటలు మానేసిన రోజున ఏ గంటా మోగదు. పాస్‌వర్డ్ మార్చుకున్న అమ్మాయిని ఒక సిస్టమ్ లోపలికి రానిస్తుంది, ఇంకోటి తప్పంటుంది. ఆమె మతిమరుపని అందరూ అనుకుంటారు, చివరికి తనూ అలాగే అనుకుంటుంది. ఉద్యోగం మానేసి వెళ్లినవారి ఖాతాను ఒక సర్వర్‌లో మూసేసినా రెండోదానిలో అది తెరిచే ఉంటుంది. కొత్తగా పెట్టిన నియమాలు సగం మందికే అందుతాయి. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఫిర్యాదులుగా వస్తాయి. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే కారణమని ఎవరికీ తోచదు.

ఎందుకు మానేస్తాయి? అనుభవమున్నవాళ్లు మొట్టమొదట చూసేది డీఎన్‌ఎస్. సర్వర్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కుంటాయి. ప్రతి కంట్రోలర్‌కూ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది ఏ చిరునామాలో దొరుకుతుందో ఆఫీసు సొంత డీఎన్‌ఎస్‌లోనే రాసి ఉంటుంది. ఎప్పుడో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని పిలిస్తే ఎవరో వచ్చి, సర్వర్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 8.8.8.8 అని రాసి వెళ్తారు. అది గూగుల్ నడిపే బహిరంగ డీఎన్‌ఎస్. లోకంలోని వెబ్‌సైట్లు దానికి తెలుసు, మన పక్క గదిలోని సర్వర్ తెలియదు. ఇంటర్నెట్ బాగుపడుతుంది, సర్వర్ల మధ్య దారి మూసుకుపోతుంది. లాగిన్‌కు నిమిషాలు పడుతుంది, దాన్ని కూడా మనవాళ్లు హ్యాంగ్ అనే అంటారు. రెండో అనుమానం గడియారం మీద. లోపలికి వచ్చేవారెవరో తేల్చే కెర్బరాస్ పద్ధతి రెండు యంత్రాల గడియారాల మధ్య మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. మదర్‌బోర్డు మీదుండే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత సర్వర్, రాత్రి కరెంటు పోయి తెల్లారి లేచేసరికి ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంది. కొద్దిపాటి ఖరీదు చేసే ఆ బిళ్ల వల్ల రెండు సర్వర్లు ఒకదాన్నొకటి నమ్మడం మానేస్తాయి.

ఇక మూడోది, మన ఊళ్లకు బాగా తెలిసినది, కరెంటు. అది తనంతట తాను పోయినా, మనం బటన్ నొక్కి తీసేసినా సర్వర్‌కు తగిలే దెబ్బ ఒకటే. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

ఓ ఆడిట్ ఆఫీసు. సర్వర్ వారానికి నాలుగైదుసార్లు హ్యాంగ్ అవుతోందని కబురు వెళ్తే ఒక యువ ఇంజనీరు వచ్చాడు. వచ్చినవాడు కీబోర్డు ముట్టుకోలేదు. ముందు ఆ ఆఫీసులో అందరికన్నా పాత ఉద్యోగిని దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏ టైముకు హ్యాంగ్ అవుతోంది మేడమ్?"

"టైమేముంది బాబూ, ఎప్పుడైనా అవుతుంది."

"నిన్న ఎప్పుడైంది?"

ఆవిడ ఆలోచించారు. "టీ వచ్చాక. పదకొండు దాటింది. మొన్న కూడా టీ తర్వాతే. మొన్న శనివారం మాత్రం అసలు కాలేదు బాబూ, నేను సాయంత్రం దాకా ఉన్నాను."

అతను దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత సర్వర్ ముందుకు వెళ్లి నల్లని కమాండ్ విండో తెరిచి, రెప్‌అడ్మిన్ అనే పనిముట్టుతో రెండు సర్వర్లు చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నాయో అడిగాడు. అది ఒక్కో భాగానికీ ఒక్కో తేదీ చూపిస్తుంది. తేదీలన్నీ ఆ రోజువే. డైరెక్టరీలోని పేర్లు, పాస్‌వర్డ్‌లు బాగానే వెళ్తున్నాయి. అయితే లాగిన్ స్క్రిప్టులు, ఆఫీసు నియమాలు ఉండే సిస్‌వాల్ ఫోల్డర్ సంగతి అందులో కనిపించదు. దాన్ని మోసుకెళ్లేది వేరే సర్వీసు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఆ సర్వీసు లాగ్‌లో వెనక్కి వెనక్కి వెళ్లాడు. 2213 అనే నంబరు దగ్గర ఆగాడు. సర్వర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది, డేటాబేసు మీద నమ్మకం లేక నకలు పంపడం ఆపేశాను అని ఆ సర్వీసు అక్కడ రాసి పెట్టింది. ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత ఫలానా ఆదేశం ఇస్తే మళ్లీ మొదలుపెడతాను అని కూడా ఆ సందేశంలోనే ఉంది. కొన్ని విండోస్ సర్వర్ వెర్షన్లలో ఈ సర్వీసు తనంతట తాను మళ్లీ లేవదు, మనిషి చెప్పాలి. అది వారాలుగా ఎదురుచూస్తోంది. అలా 60 రోజులు దాటితే ఆ నకలు మరీ పాతబడిందని, చెప్పినా కలుపుకోనంటుంది.

తర్వాత అతను సిస్టమ్ లాగ్ చూశాడు. పదకొండు దాటిన ప్రతిసారీ డిస్క్ నుంచి హెచ్చరికలు, అడిగింది ఇవ్వలేక మళ్లీ మళ్లీ ప్రయత్నించానంటూ. యాంటీవైరస్‌లో పూర్తి స్కాన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా పదకొండింటికి పెట్టి ఉంది. రాత్రిళ్లు సర్వర్ ఆర్పేస్తారు కనుక ఎవరో పగటికి మార్చారు. స్కాన్ డిస్క్ మొత్తాన్ని చదువుకుంటూ పోయి, పాడైన చోటుకు రాగానే డిస్క్ అక్కడే కూర్చుంటుంది. ఇళ్లలో వాడే డిస్కులు చదవలేని చోట నిమిషానికి పైగా కూడా పట్టు వదలకుండా ప్రయత్నిస్తాయి. ఒంటరి డిస్క్‌కు ఆ పట్టుదల మంచిదే. రెండు డిస్కుల్ని జతకట్టి నడిపే రెయిడ్‌లో మాత్రం అది ముప్పు. అందుకే సర్వర్ల కోసం చేసిన డిస్కులు ఏడెనిమిది సెకన్లలో వదిలేసి, జతలోని రెండో డిస్క్ నుంచి తీసుకోమంటాయి. ధర తక్కువని ఇంటి డిస్కులు కొన్న ఆ ఆఫీసులో అంతసేపూ అందరి ఫైళ్లూ ఆగిపోయేవి. ఎవరో పవర్ బటన్ నొక్కేవారు. నొక్కిన ప్రతిసారీ నకలు సర్వీసుకు దెబ్బ తగిలేది. పదకొండింటి స్కాన్, పాడైన డిస్క్, బటన్, 2213: విడివిడిగా వచ్చిన ఫిర్యాదులన్నీ ఒకే గొలుసు. టీ గురించీ శనివారం గురించీ ఆవిడ చెప్పకపోతే ఆ గొలుసు కొస దొరికేది కాదు.

చిన్న ఆఫీసుల్లో ఇంకో కారణం కూడా కలుస్తుంది. ఒకే పెట్టెలో అన్నీ పెట్టడం. డైరెక్టరీ, ఫైళ్లు, ప్రింటర్లు, ఈ-మెయిల్ అన్నీ ఒక్క యంత్రంలోనే ఇచ్చే స్మాల్ బిజినెస్ సర్వర్‌ను 75 మంది దాకా ఉన్న ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ చాలాకాలం అమ్మింది. 2011 వెర్షన్‌తో ఆ వరస ముగిసింది, ఆ అలవాటు ముగియలేదు. డొమైన్ కంట్రోలర్‌గా మారిన యంత్రం తన డైరెక్టరీ ఉన్న డిస్క్‌లో, రాయాల్సినదాన్ని కాసేపు దాచి ఉంచుకునే రైట్ క్యాష్‌ను ఆపేయడానికి ప్రయత్నిస్తుంది. కరెంటు పోయినప్పుడు రాసినట్టే ఉండి రాయని మాట ఒక్కటి కూడా ఉండకూడదని దాని జాగ్రత్త. అదే డిస్క్ మీద నలుగురి అకౌంట్ల ఫైళ్లు కూడా ఉంటే ఆ జాగ్రత్త అందరి పనినీ నెమ్మది చేస్తుంది. ఇందులో సర్వర్ తప్పు లేదు. రెండు రకాల పనిని ఒకే చోట మోపింది మనం.

తొందరలో చేసే పనుల్లో అన్నిటికన్నా హానికరమైనది, పోయిన వారమో పోయిన నెలో తీసిన డిస్క్ ఇమేజ్‌ను వెనక్కి తెచ్చి పెట్టడం. మామూలు కంప్యూటర్‌కు అది చక్కటి వైద్యం. డొమైన్ కంట్రోలర్‌కు కాదు. ప్రతి కంట్రోలర్ తాను రాసిన ప్రతి మార్పుకూ ఒక వరుస సంఖ్య వేసుకుంటుంది. జతలోనిది "నీ నుంచి ఫలానా సంఖ్య దాకా నాకు ముట్టాయి" అని గుర్తుపెట్టుకుంటుంది. మన సర్వర్ 50,000 దాకా వెళ్లిందనుకుందాం. దాన్ని 40,000 నాటి ఇమేజ్‌కు తీసుకెళ్లాం. అది కొత్త ఉద్యోగిని చేర్చి 40,001 అని వేస్తుంది. జతలోనిది చూసి, ఇది నాకెప్పుడో ముట్టింది అనుకుని వదిలేస్తుంది. రెండూ ఆరోగ్యంగానే కనిపిస్తూ వేర్వేరు నిజాలు చెబుతుంటాయి. తర్వాతి వెర్షన్లు దీన్ని పసిగట్టడం నేర్చాయి. పసిగడితే 2095 నంబరు రాసి, ఆ సర్వర్ రెప్లికేషన్‌ను రెండు వైపులా ఆపేసి, లాగిన్‌లను కూడా నిలిపేస్తాయి. బయటినుంచి చూసేవారికి అదీ హ్యాంగే. మళ్లీ రీస్టార్ట్ చేస్తారు.

పద్ధతి ప్రకారం తీసిన సిస్టమ్ స్టేట్ బ్యాకప్ నుంచి లేచిన సర్వర్ అలా చేయదు. లేస్తూనే తన గుర్తింపు సంఖ్య ఒకదాన్ని మార్చుకుంటుంది. ఇంతకుముందు మీతో మాట్లాడినదాన్ని కాను, మధ్యలో కొంత మరిచిపోయాను, మరిచిపోయింది చెప్పండి అని జతలోనివాటికి తెలిసేలా చేస్తుంది. మిగతావి చెబుతాయి, అది నేర్చుకుంటుంది. 2012 నుంచి వర్చువల్ యంత్రాలకూ, అవి నడిచే వేదిక సహకరిస్తే, ఈ ఎరుక వచ్చింది.

తీసేసిన పేరు సంగతి ఇంకా సున్నితం. ఒక కొత్త పేరు చేర్చితే అది కబురుగా వెళ్తుంది, సరే. ఒక పేరు తీసేస్తే ఏం వెళ్తుంది? లేని దాన్ని పంపలేం కదా. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలవారు 1987లో తమ డైరెక్టరీ నకళ్ల గురించి రాసిన పరిశోధన పత్రంలో ఈ ప్రశ్నను తిన్నగా ఎదుర్కొన్నారు. తీసేసిన పేరుకు మరణ ధ్రువపత్రం రాసి, దాన్నే అన్ని చోట్లకూ పంపాలన్నారు. కొన్నాళ్లకు ఆ పత్రాల్ని చాలాచోట్ల పారేసినా, కొద్దిచోట్ల నిద్రపుచ్చి ఉంచాలనీ, పోయిన పేరు మళ్లీ ఎక్కడైనా తలెత్తితే పత్రాన్ని లేపి మళ్లీ అంతటా పంపాలనీ వివరించారు. యాక్టివ్ డైరెక్టరీ కూడా తీసేసిన పేరుకు టూంబ్‌స్టోన్ అనే గుర్తు ఉంచుతుంది. దానికి గడువు 180 రోజులు. 2000 నాటి రోజుల్లో మొదలై అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన చోట ఇప్పటికీ 60 రోజులే ఉండవచ్చు. గడువు తీరాక గుర్తు కూడా చెరిగిపోతుంది.

ఆ గడువు కన్నా ఎక్కువకాలం ఆర్పేసి పెట్టిన రెండో సర్వర్‌ను, ఊరికే పడి ఉంది కదా అని ఒకరోజు ఆన్ చేస్తే ఏమవుతుంది? పెట్టెలోంచి తీసిన పాత పెళ్లి పిలుపుల జాబితా పట్టుకుని, ఈ మధ్య పోయినవారి పేరు మీద శుభలేఖ ఇంటికి తీసుకెళ్లినట్టవుతుంది. తప్పు జాబితాది కాదు, తెలియని దాని మీద అలక కూడా తగదు. కాని గుమ్మంలో నిలబడ్డవారికి అది మామూలు పొరపాటు కాదు. డైరెక్టరీలో కూడా ఎప్పుడో తీసేసిన ఖాతాలు అలా తిరిగి వస్తాయి. పనిలోంచి తీసేసినవారి తాళంచెవి మళ్లీ పనిచేస్తుంది. అందుకే ఇప్పటి సర్వర్లు 2042 నంబరు వేసి, నువ్వు వెళ్లిపోయి చాలా రోజులైంది, నీతో కబుర్లు లేవు అంటాయి. ఆ మాటను బలవంతంగా దాటించే సెట్టింగ్ ఉంది. దాన్ని వాడే ముందు ఆలోచించాలి. ఆ పాత సర్వర్‌ను డైరెక్టరీ నుంచి పద్ధతిగా తప్పించి, దాని పేరు ఆనవాళ్లు తుడిచి, మళ్లీ కొత్తగా చేర్చుకోవడమే చాలా సందర్భాల్లో శుభ్రమైన దారి. చిన్న ఆఫీసు డైరెక్టరీ పెద్దదేం కాదు, కొత్త నకలు త్వరగానే దిగుతుంది.

ఇలా ఎడబాటులో ఉండిపోయిన సర్వర్ ఒకటి ఒక మహాసంస్థను ఆదుకున్న సందర్భం కూడా ఉంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాము యుక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ దారిలో బయలుదేరి ప్రపంచమంతా పాకింది. డెన్మార్క్ ఓడల సంస్థ మేర్స్క్‌లో దాదాపు 150 డొమైన్ కంట్రోలర్లు ఉండేవి. ఒకటి పోయినా మిగతావి ఉంటాయి, అన్నీ ఒకదానికొకటి నకళ్లే కదా అన్న ధీమా. అన్నీ ఒకేసారి పోతే ఏమిటన్నది ఎవరూ అనుకోలేదు. అన్నీ పోయాయి, ఘనాలో ఉన్న ఒక్కటి తప్ప. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు. తర్వాత వచ్చిన పత్రికా కథనాల ప్రకారం, అక్కడి ఇంటర్నెట్ వేగానికి ఆ డేటాను ఇంగ్లండ్ పంపాలంటే రోజులు పట్టేది. అక్కడి సిబ్బందికి బ్రిటన్ వీసాలు లేవు. ఒకరు హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా విమానాశ్రయం దాకా వెళ్లి, అక్కడ ఇంకో ఉద్యోగి చేతిలో పెట్టారు. ఆ మనిషి లండన్ తీసుకెళ్లారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు తిరిగి నిలబెట్టామని సంస్థ ఛైర్మన్ తర్వాతి జనవరిలో దావోస్‌లో చెప్పారు. సర్వర్ల మధ్య మాటలు నడవాలి, దానితో పాటే ఆ మాటలు చేరని చోట ఒక మంచి నకలు కూడా ఉండాలి. ఘనాలో కరెంటు కోత చేసిపెట్టిన ఆ పనిని మనం కావాలని చేసుకోవాలి. చిన్న ఆఫీసుకు అది కష్టమేమీ కాదు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, వారం వారం మార్చి ఒకటి బయట ఉంచే అలవాటు చాలు.

ఇవన్నీ ఎందుకు, క్లౌడ్‌కు మారిపోతే పోలేదా అనేవారున్నారు. మారగలిగినవారు మారవచ్చు. అక్కడా డైరెక్టరీకి ఎన్నో నకళ్లు ఉంటాయి, అవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అవీ ఒక్కోసారి ఆగుతాయి. తేడా అల్లా అక్కడ రాత్రింబవళ్లు ఎవరో ఒకరు చూస్తుంటారు. మనం నెల నెలా కట్టే డబ్బులో పెద్ద వాటా ఆ చూపుకే. మన గదిలోని సర్వర్‌కు ఆ చూపు కొంచెమైనా దక్కాలి కదా.

దక్కాలంటే చూసేవారి పట్ల మన తీరు మారాలి. బైకు మీద బ్యాగు తగిలించుకుని ఊరంతా తిరిగే ఈ కుర్రాళ్లకు మనం డబ్బిచ్చేది చెడిపోయిన రోజునే. ఐదు నిమిషాల్లో రీస్టార్ట్ చేసి వెళ్లినవాడు చురుకైనవాడు. మూడు గంటలు కూర్చుని లాగ్ చదివినవాడిని "ఏమయ్యా, ఇంకెంతసేపు?" అంటాం. చదవడం కూడా పనేనని మనకు తట్టదు. అతనికీ ఇంకో నాలుగు ఆఫీసుల నుంచి ఫోన్లు వస్తుంటాయి కనుక చివరికి అతనూ బటన్ దగ్గరికే వెళ్తాడు. మంచి పనివాణ్ని తొందరపెట్టి తొందరపెట్టి బటన్ నొక్కేవాడిగా మార్చింది మనమే. అతనికి తెలిసింది వాడుకునే వ్యవధి మనం ఇవ్వలేదు.

చాలా ఆఫీసుల్లో ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందాలు మార్చి నెలాఖరుకు రెన్యూవల్‌కు వస్తాయి. ఈసారి ఆ కాగితంలో ఫిర్యాదుకు ఎన్ని గంటల్లో రావాలన్న షరతుతో పాటు ఇంకొన్ని రాయించాలి. నెలకోసారి ఏ ఫిర్యాదూ లేకపోయినా రావాలి. రెండు సర్వర్లు చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నాయో, లాగ్‌లో కొత్త నంబర్లేమున్నాయో, గడియారం ఎంత తేడాలో ఉందో చూడాలి. యూపీఎస్ ప్లగ్ తీసి బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగుతుందో, ఆ లోపు సర్వర్ తనంతట తాను సవ్యంగా షట్‌డౌన్ అవుతోందో లేదో పరీక్షించాలి. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫైలును నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూపాలి. సర్వర్ హ్యాంగ్ అయితే ఎవరూ బటన్ ముట్టుకోకుండా ముందు టైము రాసిపెట్టాలన్న మాట ఆఫీసువాళ్ల వంతుగా అదే కాగితంలో ఉండాలి. ఈ పనికి అతను అదనంగా అడిగేది బేరమాడకుండా ఇవ్వాలి.